ఇంటి కంప్యూటర్‌లో ఫొటోల సాఫ్ట్‌వేర్ మార్పు: ఒక సమీక్ష

ఇంటి కంప్యూటర్‌లో ఫొటోలకు వాడే సాఫ్ట్‌వేర్ రెండు పనులు చేస్తుంది. ఒకటి దిద్దుబాటు: చీకటిగా పడిన ముఖానికి వెలుతురు తేవడం, రంగు సరిచేయడం, అంచులు కత్తిరించడం, గోడ మీది మరకను మాయం చేయడం. రెండోది నిర్వహణ: వేల ఫొటోల్లో కావలసినది చేతికి అందేలా తేదీలు, పేర్లు, ఆల్బమ్‌లు, ముఖాల గుర్తులు, రేటింగులు పెట్టి ఉంచడం. ఫొటోషాప్, గింప్ మొదటి పని కోసం పుట్టాయి. పికాసా, డిజిక్యామ్ ప్రధానంగా రెండోదాని కోసం. లైట్‌రూమ్, యాపిల్ ఫొటోస్, ఏసీడీసీ వంటివి రెండింటినీ ఒకచోట చేసిపెడతాయి.

కొత్త వెర్షన్‌కు మారినా, వేరే సాఫ్ట్‌వేర్‌కే మారినా ఈ రెండు పనుల్లో కలిగే నష్టం ఒకటి కాదు. దిద్దుబాటు సాఫ్ట్‌వేర్ మారిస్తే పోయేది చేతి అలవాటు. కొన్ని వారాల్లో కొత్త మెనూలు కుదురుకుంటాయి. దిద్ది సేవ్ చేసిన ఫొటోలు ఎప్పటిలాగే ఉంటాయి. నిర్వహణ సాఫ్ట్‌వేర్ మారిస్తే మాత్రం ఇంటివాళ్లు ఏళ్ల తరబడి కూర్చుని పెట్టిన పేర్లు, వ్యాఖ్యలు, ఆల్బమ్‌ల అమరిక పోవచ్చు. అమ్మకానికి వచ్చే ప్రతి కొత్త వెర్షన్ ప్రకటనా దిద్దుబాటు గురించే మాట్లాడుతుంది. ప్రమాదం దాదాపు అంతా నిర్వహణ వైపే ఉంటుంది. అందుకే ఏ సాఫ్ట్‌వేర్ మేలైనదన్న ప్రశ్న కంటే, ఇప్పటిదాకా చేసిన పని ఎక్కడ నిల్వ ఉందన్న ప్రశ్నకు ముందు జవాబు తెలియాలి.

మార్చక తప్పని సందర్భాలు

సరదాకి సాఫ్ట్‌వేర్ మార్చే ఇళ్లు తక్కువ. చాలాసార్లు మార్పు బయటి నుంచి వచ్చి పడుతుంది. మొదటి కారణం ఆపరేటింగ్ సిస్టమ్. విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 జనవరిలో ముగిసింది, విండోస్ 10కు 2025 అక్టోబర్ 14న. విండోస్ 11కు అధికారికంగా టీపీఎం 2.0 చిప్, ఇంటెల్ ప్రాసెసరైతే ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతిది కావాలి. కనుక బాగానే నడుస్తున్న కంప్యూటర్‌ను సైతం పక్కన పెట్టాల్సి వస్తోంది, దానితోపాటు అందులోని పాత సాఫ్ట్‌వేర్ల లెక్కా తేల్చాల్సి వస్తోంది. యాపిల్ వైపు ఈ దెబ్బ ముందే తగిలింది. 2019లో వచ్చిన మ్యాక్‌ఓఎస్ కాటలినా 32 బిట్ ప్రోగ్రాములను నడపడం మానేసింది. ఆ ఒక్క అప్‌డేట్‌తో ఎన్నో పాత ఫొటో పనిముట్లు ఒక్క రోజులో తెరుచుకోకుండా పోయాయి.

రెండో కారణం ఫైలు రకాలు. 2017లో ఐఓఎస్ 11తో ఐఫోన్ తన ఫొటోలను జేపెగ్‌కు బదులు హెచ్‌ఈఐసీ రూపంలో దాచడం మొదలుపెట్టింది. అంతకు ముందరి సాఫ్ట్‌వేర్లకు ఆ ఫైలు ఏమిటో తెలియదు. కెమెరాలు జేపెగ్‌గా కుదించకుండా యథాతథంగా రాసే రా ఫైళ్లతో ఈ ఇబ్బంది ఇంకా పాతది. ప్రతి కంపెనీ రా ఫైలు వేరు, ప్రతి కొత్త కెమెరాతో అందులో ఏదో ఒక మార్పు. కేనన్ 2018లో ఈఓఎస్ ఎం50తో సీఆర్3 అనే కొత్త రకం తెచ్చింది. డబ్బు ఒక్కసారి కట్టి కొనుక్కునే లైట్‌రూమ్ 6కు చివరి అప్‌డేట్ 2017 డిసెంబర్‌లో వచ్చింది. అందువల్ల ఆ సాఫ్ట్‌వేర్ ఆ కెమెరా ఫైళ్లను ఎప్పటికీ నేరుగా చదవలేదు. దీనికి ఒక అడ్డదారి ఉంది. అడోబీ ఉచితంగా ఇచ్చే డీఎన్‌జీ కన్వర్టర్‌తో కొత్త రా ఫైలును డీఎన్‌జీ అనే అడోబీ రా రకంగా మార్చి, పాత వెర్షన్‌కు సరిపడే అమరిక ఎంచుకుంటే లైట్‌రూమ్ 6 దాన్ని తెరుస్తుంది. ప్రతి కార్డు దించినప్పుడూ ఒక అదనపు మెట్టు ఎక్కడానికి ఓపిక ఉంటే, కెమెరా మారినంత మాత్రాన సాఫ్ట్‌వేర్ మార్చనక్కర్లేదు.

మూడో కారణం అన్నిటికంటే బాధించేది: తయారీదారే సాఫ్ట్‌వేర్‌ను ఆపేయడం. గూగుల్ 2004లో కొన్న పికాసా ఉచితం, చిన్నది, పాత కంప్యూటర్లలో సైతం చకచకా నడిచేది. హార్డ్ డిస్క్‌లో ఎక్కడెక్కడ ఫొటోలున్నాయో అదే వెతికి చూపించేది, ముఖాలను గుర్తుపట్టేది. డిజిటల్ కెమెరాలు మధ్యతరగతి ఇళ్లలోకి వచ్చిన రోజుల్లో అది చాలామందికి మొదటి ఫొటో సాఫ్ట్‌వేర్. 2016 మార్చి 15తో డెస్క్‌టాప్ పికాసాకు గూగుల్ మద్దతు ఆగిపోయింది. యాపిల్ తన అపర్చర్‌ను, ఐఫొటోను ఆపేస్తున్నట్టు 2014 జూన్‌లో చెప్పింది, వాటి స్థానంలో 2015లో ఫొటోస్ వచ్చింది. మైక్రోసాఫ్ట్ ఫొటో గ్యాలరీకి 2017 జనవరిలో తెరపడింది. ఆపేసిన సాఫ్ట్‌వేర్ మర్నాడే పనిచేయడం మానదు. పికాసా ఈనాటికీ చాలా విండోస్ కంప్యూటర్లలో నడుస్తుంది. కొత్త ఫైలు రకాలు అందులో తెరుచుకోవు, బయటపడిన లోపాలు సరికావు, అంతే. అయినా దాన్నే నమ్ముకుని ఉండేవాళ్ల సంఖ్య చూస్తే, ఆ తర్వాత వచ్చిన వాటిలో దాని సులువు ఎంత కొరవడిందో తెలుస్తుంది.

కొత్త సదుపాయాల మీది ఆశ నాలుగో కారణం. ఇంటి అవసరాలకు ఇది బలహీనమైనది. దాని సంగతి తర్వాత.

చేసిన పని ఎక్కడ ఉంటుంది

ఫొటో మీద మనిషి చేసిన పని మూడు చోట్లలో ఒకచోట ఉంటుంది: ఫొటో ఫైలు లోపల, ఆ ఫైలు పక్కనే ఉండే చిన్న తోడు ఫైలులో, లేదా సాఫ్ట్‌వేర్ సొంత డేటాబేస్‌లో. మొదటి చోట ఉన్నది ఫొటో ఎక్కడికి వెళ్తే అక్కడికి వెళ్తుంది. రెండో చోట ఉన్నది ఫోల్డర్ మొత్తం కాపీ చేస్తే వస్తుంది. మూడో చోట ఉన్నది ఆ సాఫ్ట్‌వేర్ దాటి బయటకు రాదు, ఎవరైనా ప్రత్యేకంగా రప్పిస్తే తప్ప.

కెమెరా తనంతట తాను రాసే తేదీ, షట్టర్ వేగం, లెన్స్ వివరాలు ఎగ్జిఫ్ పేరుతో ఫైలు లోపలే ఉంటాయి. మనిషి రాసే శీర్షికలు, కీలకపదాలు, వర్ణనలకు మొదట వార్తాసంస్థల కోసం ఏర్పడిన ఐపీటీసీ పద్ధతి ఉండేది. 2001లో అడోబీ ఎక్స్‌ఎంపీ తెచ్చింది. అది తర్వాత ఐఎస్‌ఓ ప్రమాణమైంది. ఈరోజు ఒక సాఫ్ట్‌వేర్ రాసిన కీలకపదాన్ని మరొకటి చదవగలుగుతోందంటే కారణం ఎక్కువగా ఎక్స్‌ఎంపీయే. జేపెగ్‌లో అది ఫైలు లోపలికే వెళ్తుంది. రా ఫైళ్లను సాధారణంగా ఏ సాఫ్ట్‌వేరూ ముట్టుకోదు కాబట్టి, పక్కన అదే పేరుతో ఒక ఎక్స్‌ఎంపీ తోడు ఫైలు పుడుతుంది. ఫోల్డర్ శుభ్రం చేస్తూ ఈ తోడు ఫైళ్లను చెత్త అనుకుని తీసేసేవాళ్లున్నారు. దిద్దుబాట్లు వాటిలో మాత్రమే ఉంటే, వాటితోపాటే అవీ పోతాయి.

దిద్దుబాట్ల కథ ఇంకో మలుపు తిరుగుతుంది. లైట్‌రూమ్, డార్క్‌టేబుల్, క్యాప్చర్ వన్ వంటివి అసలు ఫొటోను మార్చవు. ‘వెలుతురు ఇంత పెంచు, ఇక్కడ కత్తిరించు’ అనే సూచనలను విడిగా దాచుకుని, చూపించేటప్పుడు అమలు చేస్తాయి. అసలు ఫొటోకు ఇంతకంటే భద్రత లేదు. చిక్కేమిటంటే ఒక సాఫ్ట్‌వేర్ సూచనలు మరొకదానికి అర్థం కావు. ‘షాడోస్ ప్లస్ 40’ అంటే లైట్‌రూమ్ చేసేది ఒకటి, మరొకటి చేసేది ఇంకొకటి. అపర్చర్ నుంచి లైట్‌రూమ్‌కు మారేవారికి 2014లో అడోబీ ఒక దిగుమతి ప్లగిన్ ఇచ్చింది. అందులో కీలకపదాలు, రేటింగులు, ఆల్బమ్‌ల అమరిక వచ్చాయి కానీ రంగుల దిద్దుబాట్లు రాలేదు. పదేళ్ల తర్వాతా పరిస్థితి పెద్దగా మారలేదు. కాబట్టి ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి మారేటప్పుడు దిద్దుబాట్లు వెంట వస్తాయని ఆశించకూడదు. పూర్తయిన ఫొటోలను పూర్తి సైజు జేపెగ్‌గానో టిఫ్‌గానో బయటకు తీసి, అసలు ఫైళ్ల పక్కన పెట్టుకోవడమే దారి. డిస్క్‌లో చోటు ఎక్కువ పడుతుంది. ఇప్పటి హార్డ్ డిస్క్ ధరల్లో అది భరించదగ్గ ఖర్చే.

ఒకే సాఫ్ట్‌వేర్‌లో కొత్త వెర్షన్‌కు వెళ్లినా కొన్ని విషయాలు తెలిసి ఉండాలి. లైట్‌రూమ్ క్లాసిక్ తన లెక్కలన్నీ కేటలాగ్ అనే ఒక ఫైలులో పెడుతుంది. పెద్ద వెర్షన్ మారినప్పుడు ఆ కేటలాగ్‌కు కొత్త రూపంలో ఒక నకలు తయారవుతుంది, పాతది అలాగే ఉంటుంది. కొత్త కేటలాగ్‌ను పాత వెర్షన్ తెరవలేదు. కొత్తదానిలో నెల రోజులు పనిచేసి, నచ్చక వెనక్కి వెళ్తే ఆ నెల పని వెనక్కి రాదు. కీలకపదాలను, దిద్దుబాట్లను ఎక్స్‌ఎంపీలోకి తనంతట తానే రాసే అమరిక లైట్‌రూమ్‌లో మామూలుగా ఆపేసి ఉంటుంది, దాన్ని వాడుకరే ఆన్ చేయాలి. ఆన్ చేసినా కలెక్షన్లు, వర్చువల్ కాపీలు, దిద్దుబాట్ల చరిత్ర ఎక్స్‌ఎంపీలోకి వెళ్లవు. డార్క్‌టేబుల్ ఇక్కడ మేలు: తోడు ఫైలు రాయడం దాని సహజ అలవాటు. డేటాబేస్ పాడైనా ఫోల్డర్‌ను మళ్లీ దిగుమతి చేస్తే పని చాలావరకు తిరిగి వస్తుంది.

దిద్దుబాటు యంత్రాంగమూ వెర్షన్‌తో మారుతుంది. 2012లో లైట్‌రూమ్ 4 రికవరీ, ఫిల్ లైట్ మీటలను తీసేసి హైలైట్స్, షాడోస్ మీటలను తెచ్చింది. పాత ఫొటోలు పాత పద్ధతిలోనే కనిపిస్తూ ఉంటాయి, కోరుకుంటే కొత్త పద్ధతికి మార్చుకోవచ్చు. మార్చగానే రూపం కొంత మారుతుంది. అన్నిటినీ ఒక్క నొక్కుతో కొత్త పద్ధతికి మార్చేసి, ఒకప్పుడు శ్రద్ధగా దిద్దిన పెళ్లి ఫొటోలు వింతగా ఎందుకు కనిపిస్తున్నాయా అని తలపట్టుకోవడం కంటే, మళ్లీ పని పెట్టుకునే ఫొటోలను ఒక్కొక్కటిగా మార్చుకోవడం మంచిది.

పికాసా నుంచి ఇప్పటికీ బయటపడని ఇళ్ల కోసం ఆ సాఫ్ట్‌వేర్ దాచుకునే తీరు కాస్త వివరంగా చెప్పాలి. దిద్దుబాట్ల సూచనలను అది ప్రతి ఫోల్డర్‌లోనూ పికాసా.ఐఎన్‌ఐ అనే దాపుడు ఫైలులో రాస్తుంది. పికాసాలో ‘సేవ్’ నొక్కితేనే దిద్దుబాటు జేపెగ్‌లోకి ఎక్కుతుంది. అప్పుడు అసలు ఫొటో పికాసాఒరిజినల్స్ అనే మరో దాపుడు ఫోల్డర్‌లోకి వెళ్తుంది. సేవ్ చేయని ఫొటోను వేరే సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే దిద్దుబాటు కనిపించదు. జేపెగ్‌లకు రాసిన వ్యాఖ్యలు ఫైలు లోపలే ఉంటాయి కాబట్టి వాటికి భయం లేదు. ఆల్బమ్‌లు, ముఖాల పేర్లు అలా కాదు. ముఖాల పేర్లను ఎక్స్‌ఎంపీలోకి రాసే సదుపాయం చివరి వెర్షనైన 3.9లో ఉంది, టూల్స్ మెనూలో ప్రయోగాత్మకం అనే విభాగంలో దాగి ఉంటుంది. దాన్ని నడిపితే ఆ పేర్లను డిజిక్యామ్ నేరుగా చదువుకుంటుంది. పాత కంప్యూటర్ ఇంకా నడుస్తున్నప్పుడే ఈ పని చేయాలి. హార్డ్ డిస్క్ విప్పి కొత్తదానికి తగిలించాక పికాసా సొంత డేటాబేస్‌ను బతికించడం చాలా కష్టం.

తెలుగు రాత

తెలుగు ఇళ్లలో, ఆ ఇళ్ల పెళ్లి ఆల్బమ్‌లు చేసే స్టూడియోల్లో ఈ మార్పుకు ఇంకో చిక్కు ఉంది. యూనికోడ్ స్థిరపడక ముందు తెలుగు డీటీపీ ఎక్కువగా అను వంటి ఫాంట్లతో నడిచింది. ఆ ఫాంట్లలో తెలుగు అక్షరాలు ఇంగ్లిష్ అక్షరాల సంకేతాల మీద కూర్చుని ఉంటాయి. ఫాంట్ ఉన్నంతసేపు ‘శుభాకాంక్షలు’ అని కనిపించేది, కొత్త కంప్యూటర్‌లో ఆ ఫాంట్ లేకపోతే అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాల గుంపుగా మారుతుంది. 2002 నాటి ఫొటోషాప్ 7.0లో చేసిన పీఎస్‌డీ ఫైలును నేటి ఫొటోషాప్ తప్పకుండా తెరుస్తుంది. లేయర్లు వస్తాయి, రంగులు వస్తాయి, పేర్లను దిద్దబోతే మాత్రం అక్షరాలు చెదిరిపోతాయి. పాత ఫాంట్లను వెంట తెచ్చుకోవడం ఒక మార్గం. ఇక మార్చబోని అక్షరాలైతే, పాత కంప్యూటర్‌లోనే టెక్స్ట్ లేయర్‌ను ఆకారంగా మార్చి సేవ్ చేయడం ఇంకా నమ్మకమైనది. మళ్లీ దిద్దుకోవాల్సినవైతే అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, వాటి ఫలితాన్ని ఒకసారి కళ్లతో చదివి చూడాలి.

యూనికోడ్ తెలుగు విషయంలో కొత్త వెర్షన్లది స్పష్టమైన పైచేయి. పాత ఫొటోషాప్‌లలో ఒత్తులు, గుణింతాలు విడివిడిగా పడి అక్షరం చెదిరిపోయేది. తర్వాతి వెర్షన్లలో దక్షిణాసియా లిపులకు టెక్స్ట్ ఇంజిన్ వచ్చాక ఆ బాధ తీరింది. ఇప్పటికీ ఒత్తులు చెదిరితే సాఫ్ట్‌వేర్‌ను తప్పుపట్టే ముందు ప్రిఫరెన్సెస్‌లో టైప్ అమరిక చూడాలి. గింప్ యూనికోడ్ తెలుగును ఏళ్లుగా సరిగ్గానే చూపిస్తోంది. సిలికానాంధ్ర చొరవతో వచ్చిన రామభద్ర, మండలి, ధూర్జటి వంటి ఉచిత ఫాంట్లు ఎందులోనైనా పనిచేస్తాయి. ఫొటో షాపు బిల్లు మీది అక్షరాలకైనా, ఇంటి ఆల్బమ్ అట్ట మీది పేరుకైనా పాత వెర్షన్ వదిలేయడానికి ఇదొక్కటే చాలినంత కారణం.

వ్యాఖ్యలనూ కీలకపదాలనూ తెలుగులో రాసేవారు అవి ఏ పెట్టెలో పడుతున్నాయో చూసుకోవాలి. ఎగ్జిఫ్ వర్ణన పెట్టె చాలాకాలం ఇంగ్లిష్ అక్షరాలకే పరిమితం. 2023లో వచ్చిన ఎగ్జిఫ్ 3.0లో కానీ దానికి యూటీఎఫ్-8 చోటు దొరకలేదు. ఎక్స్‌ఎంపీ మొదటి నుంచీ యూనికోడే. తెలుగు వ్యాఖ్యలు ఎక్స్‌ఎంపీలో ఉంటే సాఫ్ట్‌వేర్ ఏది మారినా చెడవు. పేర్ల విషయంలో ఇంకో చిన్న మాట. ఒకే మనిషికి ఒకరు తెలుగులో, ఒకరు ఇంగ్లిష్‌లో పేరు పెడితే రెండు గుర్తులవుతాయి. మారే ముందు వాటిని ఒకటి చేయడం సులువు. ‘అమ్మమ్మ’ అన్న గుర్తు పెట్టినవారి వరకు బాగానే ఉంటుంది. అదే లైబ్రరీ మనవరాలి చేతికి వచ్చేసరికి ఆ గుర్తు వేరొకరిని సూచించాలి. వరుస కంటే పేరు పెట్టడమే నిలుస్తుంది.

తేదీల గోల

ఇంటి ఫొటోల్లో ఇప్పుడు పెద్ద భాగం వాట్సాప్ ద్వారా వచ్చేవి. మామూలుగా పంపిన ఫొటోను వాట్సాప్ కుదిస్తుంది, ఎగ్జిఫ్ వివరాలు తీసేస్తుంది. డల్లాస్‌లో మనవడి పుట్టినరోజు ఫొటో విజయవాడ చేరేసరికి దానికి తీసిన తేదీ, చోటు, కెమెరా ఏవీ ఉండవు. డాక్యుమెంట్‌గా పంపితే ఫైలు యథాతథంగా వస్తుంది, కానీ బంధువులందరి చేతా ఆ అలవాటు చేయించడం ఏ సాఫ్ట్‌వేర్‌కూ సాధ్యం కాదు. తీసిన తేదీ లేని ఫొటోను నిర్వహణ సాఫ్ట్‌వేర్లు ఫైలు తేదీ ప్రకారం పేరుస్తాయి. విండోస్‌లో ఒక డిస్క్ నుంచి ఇంకో డిస్క్‌కు కాపీ చేస్తే ఫైలు పుట్టిన తేదీ కాపీ చేసిన రోజుకు మారుతుంది. కొత్త సాఫ్ట్‌వేర్ ఆ తేదీనే పట్టుకుంటే ఎనిమిదేళ్ల ఫొటోలు ఒకే రోజు కింద కుప్పపడతాయి. ఊరట ఏమిటంటే ఆండ్రాయిడ్ ఫోన్లలో వాట్సాప్ ఫైలు పేరులోనే అందిన తేదీ ఉంటుంది. ఎగ్జిఫ్‌టూల్ అనే ఉచిత పనిముట్టు ఆ పేరు నుంచి తేదీని తీసి ఫైలు లోపల రాయగలదు. కమాండ్ టైపు చేయడానికి జంకని ఒక్కరు ఇంట్లో ఉంటే ఇది ఒక సాయంత్రం పని.

స్కాన్ చేసిన పాత ఫొటోలది ఇలాంటి కథే. 1978 నాటి నలుపు తెలుపు ఫొటోకు స్కానర్ రాసేది స్కాన్ చేసిన రోజు తేదీ. డిజిక్యామ్, లైట్‌రూమ్ రెండింటిలోనూ తీసిన తేదీని మార్చుకోవచ్చు. ఏడాది మాత్రమే తెలిస్తే ఆ ఏడాది జనవరి 1 పెట్టి, ‘సుమారు’ అని వ్యాఖ్యలో రాయడం వాడుకలో ఉన్న పద్ధతి. స్కానర్ కూడా ఈ మార్పులో చిక్కుకునేదే. తయారీదారు కొత్త విండోస్‌కు డ్రైవర్ ఇవ్వకపోతే మంచి స్కానర్ బల్ల కింద చేరుతుంది. వ్యూస్కాన్ అనే ప్రోగ్రామ్ అలాంటి పాత స్కానర్లు ఎన్నింటినో నడుపుతుంది. దానికి పెట్టే డబ్బు కొత్త స్కానర్ కంటే తక్కువే.

గూగుల్ ఫొటోస్‌ను ఇంటి సాఫ్ట్‌వేర్‌కు బదులుగా చాలామంది ఎంచుకున్నారు. 2021 జూన్ 1 నుంచి అపరిమిత ఉచిత నిల్వ ఆగిపోయి, జీమెయిల్, డ్రైవ్‌లతో కలిపి 15 గిగాబైట్ల హద్దు వచ్చాక కొందరు తిరిగి కంప్యూటర్ వైపు చూస్తున్నారు. గూగుల్ ఇచ్చే టేకౌట్ సదుపాయం ద్వారా ఫొటోలన్నీ దించుకోవచ్చు. అయితే గూగుల్‌లో చేర్చిన వ్యాఖ్యలు, సరిచేసిన తేదీలు ఫొటోలో కాక పక్కన జేసన్ ఫైళ్లలో వస్తాయి. వాటిని ఫొటోల్లోకి ఎక్కించకుండా ఫొటోలను మాత్రమే దిగుమతి చేసుకుంటే ఆ పని వృథా.

డబ్బు సంగతి

2013 మేలో అడోబీ తన పెద్ద సాఫ్ట్‌వేర్ల కొత్త వెర్షన్లు ఇకపై చందాతోనే దొరుకుతాయని ప్రకటించింది. ఒకసారి కొని సొంతం చేసుకునే ఫొటోషాప్‌లలో సీఎస్6 చివరిది. లైట్‌రూమ్ 6 మరికొన్నాళ్లు నిలిచి 2017తో ఆగింది. చందా పద్ధతిలో అప్‌గ్రేడ్ అన్న నిర్ణయమే వాడుకరి చేతిలోంచి జారిపోతుంది, ఆటో అప్‌డేట్ ఆన్‌లో ఉంటే కొత్త వెర్షన్ దానంతట అదే వచ్చి కూర్చుంటుంది. అడోబీ చందా యాప్ అయిన క్రియేటివ్ క్లౌడ్ కొత్త పెద్ద వెర్షన్ పెట్టేటప్పుడు పాతదాన్ని తీసేసే టిక్ ముందే పెట్టి ఉంటుంది. పాత ప్లగిన్ల మీద ఆధారపడేవారు ఆ టిక్ తీసేయాలి. చందా ఆగితే లైట్‌రూమ్ క్లాసిక్ పూర్తిగా మూతపడదు. ఫొటోలు చూడవచ్చు, వెతకవచ్చు, బయటకు తీయవచ్చు. డెవలప్, మ్యాప్ విభాగాలు మాత్రం మూసుకుంటాయి. ఈ ఒక్క విషయంలో అడోబీ మర్యాదగానే ఉంది. ధరల విషయంలో అంత మాట అనలేం. 20 గిగాబైట్ల నిల్వతో వచ్చే చవక ఫొటోగ్రఫీ ప్లాన్‌ను 2025 జనవరి నుంచి కొత్తవారికి అమ్మడం మానేసింది. ఇంటి వాడుకకు అది సరిపోయేది.

ఒక్కసారి కొనే పద్ధతి కొన్నిచోట్ల మిగిలి ఉంది, దాని అర్థమూ మారుతోంది. ఫొటోషాప్ ఎలిమెంట్స్ తన 2025 వెర్షన్ నుంచి మూడేళ్ల లైసెన్స్ మీద దొరుకుతోంది. సెరిఫ్ కంపెనీ అఫినిటీ ఫొటో 2015 నుంచి ఒకసారి కొనుగోలు పేరుతో ఆదరణ పొందింది. 2022 నవంబర్‌లో రెండో వెర్షన్ వచ్చినప్పుడు పాత కొనుగోలుదారులకు ప్రత్యేక అప్‌గ్రేడ్ ధర పెట్టలేదు. 2024లో కాన్వా ఆ కంపెనీని కొన్నది, 2025 అక్టోబర్‌లో అఫినిటీని ఉచితం చేసింది. ఏఐ సదుపాయాలకు మాత్రం కాన్వా చందా కావాలి. ఇక గింప్, డార్క్‌టేబుల్, రాథెరపీ, డిజిక్యామ్ పూర్తిగా ఉచితమే. 2025 మార్చిలో వచ్చిన గింప్ 3.0 ఫిల్టర్లను అసలు చిత్రం చెడకుండా వేయగలుగుతోంది. దశాబ్దానికి పైగా వాడుకరులు అడుగుతూ వచ్చిన సదుపాయమిది. 2.10 నాటి ప్లగిన్లు మాత్రం తిరిగి రాస్తే తప్ప అందులో పనిచేయవు.

దొంగ కాపీల గురించి ఒక మాట చెప్పకపోతే తెలుగు నాట ఈ సమీక్ష పూర్తికాదు. తాళం పగలగొట్టిన ఫొటోషాప్ ఎన్నో స్టూడియోల్లో, ఇళ్లలో ఇప్పటికీ నడుస్తోంది. చట్టం సంగతి ఎలా ఉన్నా, యాంటీవైరస్‌ను ఆపి ఎక్కించే ఒక ప్రోగ్రామ్‌కు ఇంటి ఫొటోలన్నీ అప్పగించడం తెలివైన పని కాదు. ఫైళ్లను తాళం వేసి డబ్బు అడిగే వైరస్‌లు రావడానికి ఇదొక దారి. ఉచితంగా, చట్టబద్ధంగా ఇన్ని దొరుకుతున్నప్పుడు ఆ ప్రమాదానికి సాకు మిగల్లేదు.

యంత్రం బలం

మొదట్లో నాలుగో కారణంగా చెప్పిన కొత్త సదుపాయాల సంగతి ఇది. 2021 నుంచి లైట్‌రూమ్‌లో మనిషినీ ఆకాశాన్నీ తనే గుర్తించి ఎంచే మాస్కింగ్, 2023లో ఏఐ డీనాయిస్, అదే ఏడాది ఫొటోషాప్‌లో ఎంచిన చోట కొత్త బొమ్మను పుట్టించే జెనరేటివ్ ఫిల్ వచ్చాయి. వీటిలో డీనాయిస్ ఇంటి ఫొటోలకు నిజంగా పనికొచ్చేది. కల్యాణ మంటపంలో ఫ్లాష్ లేకుండా తీసిన రా ఫొటోల మచ్చల్ని చూడదగ్గట్టు తగ్గిస్తుంది. అది ఇంటి కంప్యూటర్‌లోని గ్రాఫిక్స్ కార్డు మీద నడుస్తుంది. మంచి కార్డు లేని చోట ఒక్క ఫొటోకే నిమిషాలు పడతాయి. జెనరేటివ్ ఫిల్ అడోబీ సర్వర్లలో నడుస్తుంది కనుక కంప్యూటర్ బలం కంటే నెట్ కనెక్షన్, చందాలో మిగిలిన క్రెడిట్లు ముఖ్యం. లైట్‌రూమ్ క్లాసిక్‌కు కనీసం 8 గిగాబైట్ల ర్యామ్ కావాలి, కంపెనీ సూచించేది 16. నాలుగు గిగాబైట్ల పాత కంప్యూటర్‌లో కొత్త వెర్షన్ పెట్టడం కంటే పాత వెర్షన్‌నే ఉంచడం మేలు. డబ్బు ఒకే ఒక్క భాగం మీద పెట్టగలిగితే అది ఎస్ఎస్‌డీ మీద పెట్టాలి. కేటలాగ్, థంబ్‌నెయిళ్లు దానిమీద ఉంటే ఫొటోలు పాత హార్డ్ డిస్క్‌లో ఉన్నా వెతుకులాట చురుకవుతుంది.

మార్పు జరిపే తీరు

మొదటి పని బ్యాకప్. ఫొటోలతోపాటు కేటలాగ్‌లు, దాపుడు ఫైళ్లు, తోడు ఫైళ్లు, ఫాంట్లు, ప్లగిన్లు అన్నీ అందులో చేరాలి. రెండు నకళ్లు ఉండాలి, ఒకటి వేరే ఇంట్లో ఉంటే ఇంకా మంచిది. బ్యాకప్ తీశామన్న భరోసా ఒక్కటే చాలదు. అందులోంచి ఒక ఫోల్డర్‌ను వేరే కంప్యూటర్‌లో తెరిచి చూస్తే కానీ అది బ్యాకప్ అవునో కాదో తెలియదు. ఆ తర్వాత పాత సాఫ్ట్‌వేర్‌లోనే, రాయగలిగినదంతా ఫైళ్లలోకో ఎక్స్‌ఎంపీలోకో రాయించాలి. ఆల్బమ్‌ల వంటివి బయటకు రావని తెలిస్తే, ఆల్బమ్ పేరునే కీలకపదంగా అందులోని ఫొటోలన్నిటికీ పెట్టవచ్చు. మోటు పద్ధతే అయినా ప్రతి సాఫ్ట్‌వేర్‌లోనూ నిలుస్తుంది.

కొత్త సాఫ్ట్‌వేర్‌ను మొదట వందో రెండు వందలో ఫొటోలతో పరీక్షించాలి. అవి అందమైనవి కానక్కర్లేదు, తంటా పెట్టేవి కావాలి: తెలుగు వ్యాఖ్య ఉన్నవి, హెచ్‌ఈఐసీవి, తేదీ లేని వాట్సాప్‌వి, ముఖాల పేర్లున్నవి, నిలువుగా తీసినవి, స్కాన్ చేసినవి, ఒకటి రెండు వీడియోలు. ఇవి సరిగ్గా వచ్చాకే మొత్తం లైబ్రరీ సంగతి. ఈ దశలో ఫోల్డర్ల పేర్లు మార్చడం, నకిలీ ఫొటోలు ఏరివేయడం, తెల్లారి శుభోదయం బొమ్మల్ని వదిలించుకోవడం పెట్టుకోకూడదు. ఫైళ్ల చోటు, సాఫ్ట్‌వేర్ రెండూ ఒకేసారి మారితే, ఏదైనా పోయినప్పుడు ఎక్కడ పోయిందో తేల్చలేం. శుభ్రం చేయడం కొత్త చోట కుదురుకున్నాక చేసుకోవచ్చు. కొత్త చోట ఫోల్డర్లను జరపాల్సి వస్తే కేటలాగ్ ఉన్న సాఫ్ట్‌వేర్ లోపలి నుంచే జరపాలి. విండోస్ ఎక్స్‌ప్లోరర్‌లో జరిపితే కేటలాగ్‌కు ఆ సంగతి తెలియక ఫొటోలు దొరకడం లేదని గుర్తు పెడుతుంది.

పాత సాఫ్ట్‌వేర్‌ను తీసేయడానికి తొందర లేదు. విండోస్ మద్దతు పోయిన కంప్యూటర్‌నైనా నెట్‌కు తగిలించకుండా ఉంచుకుంటే, పాత పీఎస్‌డీలో పేరు మార్చడానికో, మరిచిపోయిన ఆల్బమ్‌ను చూసుకోవడానికో పనికొస్తుంది. తీసేసేటప్పుడు లైసెన్స్‌ను ముందుగా డీయాక్టివేట్ చేయాలి. లేకపోతే కొత్త కంప్యూటర్‌లో దాన్ని వాడుకునే హక్కు తగ్గవచ్చు. డబ్బు పెట్టి కొన్న పాత వెర్షన్‌కు సైతం కంపెనీ యాక్టివేషన్ సర్వర్ అవసరమే. ఫొటోషాప్ సీఎస్2 తరం సాఫ్ట్‌వేర్ల యాక్టివేషన్ సర్వర్లను అడోబీ 2013 ప్రాంతంలో ఆపేసినప్పుడు, కొన్నవారి కోసం యాక్టివేషన్ అక్కర్లేని కాపీలను విడిగా ఇచ్చింది. ప్రతి కంపెనీ, ప్రతిసారీ అలా చేస్తుందన్న హామీ లేదు. అందుకే ఇన్‌స్టాలర్ ఫైలు, సీరియల్ నంబర్, కొన్న రసీదు ఫొటోల బ్యాకప్‌లోనే ఒక ఫోల్డర్‌లో ఉండాలి.